జానెడు పసుపు

దయ్యాలు లేవని నేను రాసినన్ని వ్యాసాలు మా నగర్తపేటలో ఇంకెవరూ రాసి ఉండరు. పూనకాలు, శకునాలు, కలలో కనబడే పెద్దలు, దేన్నీ వదల్లేదు. వాటిలో ఒక్క వాక్యం కూడా ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

నేను పుట్టిన పదకొండో రోజున మా అమ్మ పోయింది. మగ్గం నేసే మా నాయన ఆమె గురించి మాట్లాడేవాడు కాదు. అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. మిగిలింది ఒక్క ఫోటో. అందులోనూ ఫోటో తీసే క్షణాన తల తిప్పినట్టుంది, ముఖం చెదిరిపోయింది. చీర మాత్రం స్పష్టంగా ఉంది.

డెబ్బైల చివర్లో నేను ఇంట్లోని పాత ఫోటోల నుంచి బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఉన్నదున్నట్టు వేసేవాణ్ణి కాదు. తాత తలపాగాను విప్పి కాన్వాసంతా పరిచేవాణ్ణి. అమ్మ దగ్గరికి వచ్చేసరికి, లేని ముఖాన్ని కల్పించడం అబద్ధమనిపించింది. ఆమె చీరనే కుచ్చిళ్ళు విప్పి, చెంగు నుంచి లోపలి కొస దాకా నాలుగు కాన్వాసుల మీద పరిచాను. నలుపు తెలుపు ఫోటో. ఆకుపచ్చ నా ఊహ. అసలు చీర రంగూ అదేనని తర్వాత తెలిసింది, అలా కుదరడం పెద్ద విశేషమేమీ కాదు.

లోపలి కొసన జానెడు మిగిలుండగా ఆకుపచ్చ రంగు అయిపోయింది. ఆదివారం, అంగళ్ళు మూసి ఉన్నాయి. చేతికందిన పసుపు రంగు పూసి ముగించాను. మర్నాడు సరిచేయాలనుకున్నాను.

సాయంత్రం నాయన వచ్చి చూశాడు.

"మీయమ్మను గీస్తానంటివే, చీర ఆరేసి ఉండావు! మొకమేదప్పా?" అని నవ్వాడు.

చివరి కాన్వాసు దగ్గర ఆ నవ్వు ఆగింది. పసుపు మీద జానపెట్టి కొలిచాడు. తడి రంగు వేళ్ళకంటింది.

"ఆకుపచ్చ దారం సాలలేదని నీకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన చాప మీద కూర్చుని చెప్పుకొచ్చాడు.

ఆ చీర నేసేటప్పుడు చివరి జానెడుకు దారం చాలక పసుపు దారంతో ముగించాడట. అంగడివాళ్ళు వద్దంటే అమ్మకిచ్చాడట.

"నవ్వేసిందప్పా. 'ఈ కొస లోపల దోపుకుంటాలే, నీకూ నాకూ తప్ప ఎవురికి తెలుస్తాది' అనె. ఆ చీరతోనే మట్టి చేస్తిమి."

అమ్మ అన్న మాట ఒకటి నా చెవిన పడటం అదే మొదటిసారి.

తర్వాత చేయవలసినవన్నీ చేశాను. ఫోటోను భూతద్దంతో వెతికాను. ఆ కొస నడుము లోపల ఉంది, కనబడదు. పెద్దమ్మను అడిగాను. ఆమెకు తెలియదు. యాదృచ్ఛికం అని కాగితం మీద రాసుకున్నాను. వేరే ఎవరైనా సభలో ఇది చెప్పి ఉంటే ఆ ఒక్క మాటతోనే కూర్చోబెట్టేవాణ్ణి.

మర్నాడు ఆకుపచ్చ రంగు కొన్నాను. ఏళ్ళు గడిచాయి, మూత తీయలేదు. పసుపులో నాయన వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. ఇదెలా జరిగిందో నేటికీ చెప్పలేను. ఆ కాన్వాసు ముందు కూర్చుంటే మాత్రం ఆ ప్రశ్న మరిచిపోతాను. అమ్మ నవ్వు ఎలా ఉండేదోనని చెవులు రిక్కిస్తాను.