కాగితం వెనకవైపు

మేడమ్ పోయారు. గురువారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది, ఆంటీ" అన్నాడు. అంత్యక్రియలు జరిపించే ఫ్యునరల్ హోమ్ వాళ్ళిచ్చిన ఫారంలో వృత్తి అని ఒక గడి ఉందని, అందులో టీచర్ అని రాస్తే చాలా అని అడిగాడు. దాన్ని ముట్టుకోకు, నేనొస్తున్నానని చెప్పి కారు తాళాలు వెతుక్కున్నాను.

ఆ కంగారు ఎందుకో మీకు చెప్పాలి.

ఎనభైల మొదట్లో, మేముండే ఈ క్యారీ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. మేడమ్ దగ్గర్లోని యూనివర్సిటీలో సోషియాలజీ చెప్పేవారు. భర్తల వెంట ఈ దేశం వచ్చిన ఆడవాళ్ళు రోజంతా ఏం చేస్తుంటారన్నది ఆవిడ పరిశోధన. నేనూ అలా వచ్చినదాన్నే. పిల్లాడు స్కూలుకి వెళ్ళాక గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరిదో పుట్టినరోజు పార్టీలో మేడమ్ నన్ను పట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగి ఫారాలు నింపే పని అప్పగించారు.

మొదటి కట్ట నింపి, గొప్పగా తీసుకెళ్ళి ఇచ్చాను. వృత్తి దగ్గర అందరికీ ఒకటే రాశాను, ఏమీ లేదని. నా తప్పేముంది? అడిగితే ప్రతి ఇల్లాలూ ఖాళీగానే ఉంటున్నానండీ అంది. సోఫాలో కూర్చున్న భర్త అవునని తలూపాడు. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడకి కోపమొచ్చిందనడానికి అదే గుర్తు.

"అందరూ ఖాళీగా ఉంటే నీకు కాఫీ ఎవరిచ్చారు?" అన్నారు. "ఏం చేస్తుంటారని అడక్కు. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో అడుగు. గడి చాలకపోతే కాగితం తిప్పి రాయి."

ఉక్రోషంతోనే మళ్ళీ అన్ని ఇళ్ళూ తిరిగాను. ఈసారి వంటింట్లో కూర్చుని అడిగాను. భర్తలు అంతదూరం రాలేదు. ఒకావిడ మొగుడి థీసిస్ మొత్తం రెండుసార్లు టైప్ చేసిందట. ఇంకొకావిడ మూడిళ్ళ పిల్లల్ని చూసుకుంటూ, శనివారాలు పెళ్ళికాని కుర్రాళ్ళందరికీ వండిపెడుతోంది. చెబుతూ చెబుతూ వాళ్ళే ఆశ్చర్యపోయేవారు. ఒకావిడకైతే కళ్ళనీళ్ళు ఆగలేదు. కాగితాలు వెనకవైపు కూడా నిండిపోయాయి.

ఇంతలో మేడమ్ ఉద్యోగం పర్మనెంట్ చేసే కమిటీ కూర్చుంది. ఇంట్లో ఉండే ఆడవాళ్ళ దినచర్య పరిశోధనెలా అవుతుందని పెద్దమనుషులు పెదవి విరిచారు. వేరే ఏదైనా పట్టుకోమన్నారు, లేకపోతే వచ్చే ఏడాది కష్టమేనన్నారు. నాకు భయమేసింది. ప్రస్తుతానికి సరేననండి మేడమ్, అని బతిమాలాను.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటానమ్మా. ఇది వదిలేస్తే వీళ్ళందరూ మళ్ళీ 'ఏమీ లేదు' కిందకే పోతారు."

ఆ ఏడాదంతా మొండిగా అదే రాశారు. మధ్యాహ్నానికని తెచ్చుకున్న పెరుగన్నం సాయంత్రం ఇంటికెళ్ళేముందు కారులో కూర్చుని తినేవారు. కమిటీ రెండోసారి కూర్చున్నప్పుడు, ఆ కాగితాల వెనకవైపులన్నీ కాపీలు తీయించి ఒక్కొక్కరి ముందూ పెట్టారు. ఉద్యోగం నిలిచింది.

పొంగిపోయి నేను ఫోన్ చేస్తే, "అది సరేగాని, నీ ఫారం ఏది?" అన్నారు. నాది నేను నింపనేలేదు. ఊరంతా తిరిగి అడిగినదాన్ని, నన్ను నేను అడగాలని తోచలేదు. మర్నాడు ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయించారు. ఆవిడ పట్టుబట్టకపోతే ఇవాళ్టికీ నేను ఖాళీగానే ఉన్నాననుకునేదాన్ని.

గురువారం వాళ్ళ వంటింటి బల్ల దగ్గర అబ్బాయి ఆ ఫారం నా ముందుకు జరిపాడు. అమ్మ పొద్దున్నే లేచి ఏం చేసేదిరా, అని అడిగాను. వాడు తడుముకుంటూ మొదలుపెట్టాడు. నేను రాస్తూ పోయాను. రెండో మాటకే గడి నిండిపోయింది.

కాగితం తిప్పాను.