బోణీకి పోయిన రబ్బరు రింగు

మా అన్న బతికున్నన్నాళ్లూ ఒక వస్తువును ఒక మనిషికి అమ్మలేదు. అన్న పోయాక మా దుకాణంలో జరిగిన మొదటి అమ్మకం ఆ వస్తువే, ఆ మనిషికే. అదీ అన్న మీద గౌరవంతో.

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ బజారులో మాది సీళ్ల దుకాణం. పంపుల్లో, గేర్‌బాక్సుల్లో, గొట్టాల అతుకుల దగ్గర నూనె, నీళ్లు, ఆవిరి బయటికి కారకుండా పెట్టే రబ్బరు రింగులు, గ్యాస్కెట్లు అమ్ముతాం. అన్న గల్లా దగ్గర కూర్చునేవాడు. నేను వెనక కూర్చుని కంపెనీల క్యాటలాగులు చదివి, ఏ రబ్బరు దేనికి ఆగుతుందో చెప్పేవాడిని. క్యాటలాగుల కింద వేరే పుస్తకాలు కూడా పెట్టుకుని చదువుతానని అన్నకు తెలుసు. తెలియనట్టే ఉండేవాడు.

మా దగ్గరున్న వాటిలో ఖరీదైనది ఫ్లోరో రబ్బరు. ఎక్కువగా గోధుమ రంగులో వస్తుంది కాబట్టి అందరూ దాన్ని బ్రౌన్ రింగ్ అంటారు. రెండు వందల డిగ్రీల వేడి నూనెలో పెట్టినా చాలాకాలం నిలుస్తుంది. డీజిల్, పెట్రోల్, చాలా రకాల యాసిడ్లు దాన్ని ఏమీ చేయలేవు. పెట్రోల్‌లో ఎథనాల్ ఎక్కువ కలపడం మొదలయ్యాక మామూలు నల్ల రబ్బరు ఉబ్బిపోతుంటే బంకు వాళ్లు దీని కోసమే వచ్చారు. గనుల బండ్లు బాగుచేసే మెకానిక్కులూ దీన్నే అడుగుతారు. ఇన్ని గుణాలున్న రబ్బరు వేడి ఆవిరి దగ్గర మాత్రం ఓడిపోతుంది. ఆవిరి కోసం ప్రత్యేకంగా చేసే రకం ఉంది కానీ మా దాకా వచ్చేది మామూలు రకమే. బాయిలర్ గొట్టాలు తుప్పు పట్టకుండా నీళ్లలో కలిపే కొన్ని మందులైతే దాన్ని ఇంకా తొందరగా తినేస్తాయి. మొదట బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత పగులుతుంది. ఆవిరికి ఇపిడిఎం అనే వేరే నల్ల రబ్బరు కావాలి. దాని ధర చాలా తక్కువ. అందుకే దాన్ని ఎవరూ నమ్మరు.

అన్న ఏ రింగూ అడగ్గానే ఇచ్చేవాడు కాదు. "లోపల ఏం పారుతది? ఎంత కాలుతది? కడగనీకి ఏం పోస్తరు?" అని అడిగేవాడు. జవాబు తెలియకపోతే కనుక్కుని రమ్మని పంపేసేవాడు. కిరాణా కొట్టు మీద కోపం వస్తే జనం పక్క కొట్టుకు పోతారు. మా మీద కోపం వస్తే అహేరి దాకా పోవాలి. కాబట్టి తిట్టుకుంటూ మా దగ్గరికే వచ్చేవారు.

వాళ్లందరిలో ఎక్కువగా తిట్టుకున్నవాడు ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే సాబ్. ఆయన మిల్లులో వడ్లు నానబెట్టే టాంకులోకి బాయిలర్ నుంచి ఆవిరి గొట్టం వస్తుంది. అది టాంకును కలిసే చోట ఒక ఇనుప మూత, ఆ మూత గాడిలో అరచేతంత రబ్బరు రింగు ఉంటాయి. దానికి బ్రౌన్ రింగ్ కావాలని ఆయన ప్రతి సీజనుకూ అడిగేవాడు. అన్న ప్రతిసారీ నల్లదే చేతిలో పెట్టేవాడు.

"పైసలు నాయి, మిల్లు నాది, నీకేంది నొప్పి?" అనేవాడు సాబ్.

"టాంకు కాడ వంగి వాల్వు తిప్పేది నువ్వా? గా మనిషి మొఖం మీదికి ఆవిరి కొడితే నీ పైసలు పూస్తవా?" అనేవాడు అన్న. ఆపైన అనేవి రాయను.

అన్న పోయాడు. దుఃఖం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. దుఃఖంలో దుకాణం తిరిగి ఎలా తెరవాలో ఏ పుస్తకంలోనూ లేదు. అది మా బజారుకు తెలుసు. చావు ఇంటివాళ్ల చేత్తో బోణీ కాకూడదు. దగ్గరి చుట్టం ఎవరైనా గల్లా మీద కూర్చోవాలి. తెలిసినవాళ్లు వచ్చి బేరం ఆడకుండా ఏదో ఒకటి కొనాలి. అలా కొన్నది తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే ఆ దుకాణం మళ్లీ లేవదంటారు.

గల్లా మీద మా వదిన తమ్ముడు కూర్చున్నాడు. మంచిర్యాలలో మొబైల్ కవర్లు అమ్ముతాడు. మర్యాదస్తుడు. గుండు మీద టోపీ పెట్టుకుని నేను వెనక గదిలో, పరామర్శకు వచ్చినవాళ్ల మధ్య కూర్చున్నాను. ఒకాయన ఆత్మకు చావు లేదని నాకు వివరిస్తున్నాడు. ఆయన వివరణ ముగిసి నేను బయటికి వచ్చేసరికి బోణీ అయిపోయింది.

"మిల్లు సాబ్ వచ్చిండు బావా," అన్నాడు వదిన తమ్ముడు. కళ్లు చెమర్చి ఉన్నాయి. "పెద్దబావతోని బతికున్నన్ని రోజులు కొట్లాడిన, ఇయ్యాల బేరం ఆడ, అన్నిటికంటె మంచిది ఇయ్యి అన్నడు. బ్రౌన్ రింగ్ ఇచ్చిన. కండ్లకు అద్దుకొని తీసుకపోయిండు."

"దేనికని అడిగినవా?"

"గసొంటి టైముల దేనికని ఎట్ల అడుగుత బావా?"

అడగవలసింది అదొక్కటేనని అతనితో అనలేదు. అతను చేసింది మర్యాదే. రింగు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. సీజను ముందు సాబ్ కొనేది ఆ మూతకే. దాని పక్కన వంగేది పెర్మిలి నుంచి వచ్చి పనిచేసే మనిషి. వాల్వు తిప్పేటప్పుడు అతని ముఖానికి, మూతకు మధ్య జానెడు దూరం కూడా ఉండదు.

మా దగ్గర ఆ కొలత నల్ల రింగు అయిపోయింది. అహేరికి ఫోన్ చేస్తే సర్కారు ఎస్టీ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపారు. అది అందుకుని మర్నాడు మిల్లుకు పోయాను. వడ్లు అప్పటికే టాంకులో పోస్తున్నారు. బాయిలర్ ఇంకా ముట్టించలేదు.

సాబ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచాడు. ఇన్నేళ్లలో మా అన్నదమ్ముల్లో ఎవరి కోసమూ ఆయన లేవడం నేను చూడలేదు.

"సాబ్, నిన్న తీసుకపోయిన రింగు మార్చాలె. అది ఆవిరికి ఆగది," అన్నాను.

"కూసో తమ్మీ. చాయ్ తాగు."

"ఆవిరి తాకితే లోపల గొలుసులు తెగుతయి సాబ్. బాయిలర్ నీళ్ల మందు కూడ పడది. మొదట కనపడది, సీజను నడుమల పగులుతది."

"తెగుతయి," అని ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "గొలుసులు అట్లనే తెగుతయి తమ్మీ. మనం ఏం చేస్తం? అంతా పైవాడు."

రబ్బరులోని అణువుల గొలుసుల గురించి చెబుతున్నానని అన్నాను. తెలుసన్నాడు. ఎంత వేడికి ఏ రబ్బరు ఎంత గట్టిపడుతుందో చెప్పాను. ఆయన తల ఊపుతూ మనిషిని పిలిచి నాకు నీళ్లు తెప్పించాడు.

"జర ఏడువు తమ్మీ. గిట్ల లోపల పెట్టుకుంటే మనిషి పరేషాన్ అయితడు. మా తమ్ముడు పోయినప్పుడు నేను గూడ నెల రోజులు జనరేటర్ గురించే మాట్లాడిన."

"నేను రింగు గురించి వచ్చిన సాబ్."

"బోణీ వాపస్ ఎవడన్న ఇస్తడా? మీ అన్న పేరు మీద కొన్న. నీ దుకాణానికి నా చేతితోని మన్ను కొట్టమంటవా? నేను ఇయ్య."

అన్న పోయినప్పటి నుంచి మా ఇంట్లో అందరూ ఇలాగే మాట్లాడుతున్నారు. ఎంతో దయగా, నేను అన్నది తప్ప అన్నీ వింటూ. గుమ్మంలోంచి టాంకు కనిపిస్తోంది. పెర్మిలి మనిషి తువ్వాల భుజాన వేసుకుని మూత దగ్గర వంగి బోల్టులు బిగిస్తున్నాడు. బాయిలర్ ముట్టించడానికి ఊక పోస్తున్న చప్పుడు మొదలైంది.

నేను లేచాను. గట్టిగా మాట్లాడటం నాకు రాదు. అన్న ఉండగా నాకు ఆ అవసరం రాలేదు.

"నీకు చెవులు ఉన్నయా, బియ్యంతోపాటు అమ్ముకున్నవా?" అన్నాను. "గా మనిషి కండ్లు పోతే నా బోణీ ఏం చేసుకోవాలె? ముందుగాల బాయిలర్ బంద్ చెయ్యి. చెయ్యకుంటే ఇగ నీ మిల్లుకు వాషర్ ముక్క గూడ ఇయ్య. చంద్రపూర్ పోతవో, చామోర్షి పోతవో పో!"

అంతటితో ఆగలేదు. అన్న అనే మిగతావి కూడా అన్నాను. అవి నాకు అన్నీ వచ్చని అప్పుడే తెలిసింది.

సాబ్ గుమ్మంలోకి పోయి, "బంద్ చెయ్యుండ్రి! మూత ఇప్పుండ్రి!" అని అరిచాడు. వెనక్కి తిరిగి, "గీ మాట ముందుగాల చెప్పొద్దా? సాబ్ సాబ్ అనుకుంట మెల్లగ మాట్లాడితే దుఃఖంల ఏదో అంటున్నవనుకున్న," అన్నాడు.

"చెప్పిన."

"చెప్పినవు. మీ ఇంట్ల నిజం చెప్పేటప్పుడు గట్ల చెప్పరు."

నల్ల రింగు గాడిలో కూర్చోబెట్టి మూత బిగించారు. దాన్ని ఆయన రెండో బేరంగా లెక్కేశాడు. బ్రౌన్ రింగు మాత్రం వాపసు ఇవ్వలేదు. వేడి నూనె నడిచే యంత్రం మిల్లులో ఏదైనా ఉందా, దానికి వాడుకోవచ్చునని అడిగాను. లేదట. అయినా సరే, బోణీ బోణీయేనన్నాడు. దాన్ని టాంకు పక్క గోడకు మేకు కొట్టి తగిలించాడు.

చెమర్చిన కళ్లతో దాన్ని అమ్మిన మర్యాదస్తుడు మంచిర్యాల వెళ్లిపోయాడు. ఇప్పుడు గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. మొన్న ఒక మెకానిక్ బ్రౌన్ రింగ్ అడిగితే లోపల ఏం పారుతుందో కనుక్కుని రమ్మన్నాను. "పెద్దాయన పోయిండు, ఇగ ఆసాన్ అయితదనుకున్న," అని గొణుక్కుంటూ పోయాడు.

సీజను అయిపోయే ముందు ఒకసారి మిల్లుకు పోయాను. మూత దగ్గర తడి లేదు. పెర్మిలి మనిషి వాల్వు తిప్పి నిలబడి, ముఖం తుడుచుకుని, తువ్వాలను గోడకున్న బ్రౌన్ రింగులో దూర్చి వేలాడదీశాడు. తువ్వాల తగిలించడానికి ఏ రబ్బరు వాడాలో నా క్యాటలాగుల్లో లేదు.