కప్పతల్లికి పోసిన నీళ్లు

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు, స్తోత్రాలు, రోకలికి కప్పను కట్టడం, మూడూ ఇంట్లో మా నాయనమ్మ దగ్గరే నేర్చుకున్నాను. వానలు మొహం చాటేసిన ఏడాది ఆడవాళ్లు రోకలి మధ్యన ఒక బోదురుకప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ మోసుకు తిరిగేవారు. ప్రతి ఇల్లాలూ బిందెడు నీళ్లు దాని మీద పోసి దణ్ణం పెట్టుకునేది. అదే కప్పతల్లి. కట్టేది తడిగుడ్డతో, రెండు వేళ్లు దూరేంత వదులుగా.

"బిగించావంటే తిట్టుకుంటుందే. తిట్టుకునే నోటితో వాననేం అడుగుతుంది?" అనేది నాయనమ్మ. ఊరంతా తిరిగి, దాన్ని కాలవలో వదిలేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు.

మాది రేపల్లె అవతల, కాలవ చివరి భూములు. అప్పట్లో కప్పకు కరువు లేదు. తొలకరి పడిందంటే పొలాలన్నీ ఒకటే బెకబెక. అన్నాల దగ్గర నాన్న గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చేది. తర్వాత కప్పలు కొనేవాళ్లు గోతాలతో దిగారు. కప్పకాళ్లు కూరకని విదేశాలకు వెళతాయని చెప్పుకునేవారు. మిగతా సగం మురుగుకాలవ గట్టున కుప్పలుగా పడి ఉండేది. "పురుగుల్ని తినేదాన్ని అమ్ముకుని పురుగుమందు కొనుక్కుంటున్నాం" అన్నారు నాన్న. అన్నారే గాని, మా పొలంలోకి రావద్దని వాళ్లతో ఎప్పుడూ చెప్పలేదు. కొన్నేళ్లకు ప్రభుత్వం ఆ వ్యాపారం ఆపించింది. గోతాలు పోయాయి, మందులు ఉండిపోయాయి. వాటి వెనకే సముద్రం వైపు నుంచి రొయ్యల చెరువులు ఒక్కో మడీ ఎక్కి వచ్చాయి.

నా కాపురం తెనాలిలో. మొన్నామధ్య ఒక ఏడు, నార్లు పోశాక వాన జాడ లేదు, కాలవ నీళ్లు చివరిదాకా రాలేదు. తమ్ముడి భార్య ఫోన్ చేసింది.

"వదినగారూ, నారు ఎర్రబడిపోతోందండి. ఇంకో నాలుగు రోజులు చూసి దున్నేస్తానంటున్నారు మీ తమ్ముడు. మీరొచ్చి కప్పతల్లిని కట్టాలండి."

పొద్దున్నే రైలెక్కాను. వేమూరు దాటాక ఎటు చూసినా బీటలే. ఇంటికి వెళ్లేసరికి ఆడవాళ్లంతా అరుగు మీద కూర్చుని ఉన్నారు. రోకలి ఉంది, వేపమండలు ఉన్నాయి, కప్పే లేదు. రెండు రోజులుగా వెతుకుతున్నారట.

మా మేనకోడలు బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. సెలవులకు వచ్చి ఉంది. ఎక్కడ ఏ కప్ప అరిచిందో పుస్తకంలో రాసుకునే పిల్ల. దానికి తెలుసని అందరికీ తెలుసు. అడిగితే నోరు విప్పడం లేదు.

"పాత మంచినీళ్ల గుంటలో ఒక్కటుంది అత్తా" అంది చివరికి, నాకు మాత్రం వినపడేలా. "పట్టుకోకూడదని చట్టం కూడా ఉంది."

పక్కింటి ముసలమ్మ చెవులు పాము చెవులు. "చట్టం వానిస్తుందా ఏంటే? నువ్వు చదివేది వ్యవసాయమా, కప్పల కాపలానా?"

అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు, నా మొహం చూసింది.

"సాయంత్రానికి మళ్లీ అదే గుంటలో వదులుతాను. నాదీ పూచీ" అన్నాను. ఆ మాట నమ్మే అది దారి చూపించింది.

పసుపుపచ్చని మచ్చలతో అరచేతి నిండా ఉంది ఆ కప్ప. నాయనమ్మను తలుచుకుని, రెండు వేళ్లు దూరేలా కట్టాను. నేనూ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మొదటి ఇంట్లో పోసినప్పుడు కాళ్లు విదిల్చింది. అయిదారు ఇళ్లు దాటాక మెత్తబడింది. ఎండకనుకున్నాను.

"ఇంకాస్త పొయ్యండమ్మా, పాపం వడకొట్టినట్టుంది" అని నేనే అడిగి మరీ పోయించాను. వాళ్లూ భక్తితో బిందెలు కుమ్మరించారు.

పదో ఇంటి ముందు మేనకోడలు బిందెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "అత్తా, ఆపు. ఇవి ఉప్పునీళ్లు."

అవును, రొయ్యల చెరువులు వచ్చాక ఉప్పెక్కిన బోరు నీళ్లే. ఊళ్లో ఆ నీళ్లు ఎవరూ తాగరు. అంట్లకూ బట్టలకూ వాడతారు. తాగడానికి ప్రతి ఇంట్లో కొన్న నీళ్ల టిన్ను ఉంటుంది. కప్ప మీద పోసేవి కదా అని అందరూ పెరట్లో పంపు కిందే బిందెలు పట్టారు. మా నాయనమ్మ రోజుల్లో ఊళ్లో రెండు రకాల నీళ్లు లేవు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

"అది నోటితో తాగదత్తా, చర్మంతో తాగుతుంది" అంది పిల్ల, ముడి విప్పుతూ.

టిన్ను నీళ్లు తెచ్చి పళ్లెంలో పోశాం. కాళ్లు చాచుకుని అలాగే ఉండిపోయింది. గుంట గట్టున పాతిపెట్టాను. వదులుతానన్న మాట అలా తీరింది.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. నారు బతికింది. "నీ చేతి చలవే అక్కా" అన్నాడు తమ్ముడు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ ఏటి బియ్యం మా ఇంటికీ వచ్చాయి, ప్రతి ముద్దకూ ఆయన్ని తలుచుకునే తిన్నాను. ఆ కప్పనూ తలుచుకున్నాను.

వాన వెలిశాక సాయంత్రం మేనకోడలూ నేనూ గుంట దగ్గరికి వెళ్లాం. నిండుగా ఉంది. తొలివానకు అరవాల్సిన గుంట. అవతల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాల రొద ఒక్కటే వస్తోంది.

"నాకు కనపడింది ఒక్కటే గాని, ఇంకోటి ఉండొచ్చు కదత్తా" అంది. చీకటి పడేదాకా నిలబడ్డాం. పుస్తకం తెరవకుండానే చంకలో పెట్టుకుంది.

ఈ ఏడు మళ్లీ పిలిచారు. బంకమట్టితో ఒక కప్పను చేసి, తడిగుడ్డలో పెట్టి తీసుకెళ్లాను.

"మట్టికప్ప వాననేం అడుగుతుందే?" అంది ముసలమ్మ.

రెండు వేళ్లు దూరేంత వదులుగానే కట్టాను. నాలుగో ఇల్లు దాటేసరికి దాని కళ్లు కరిగిపోయాయి.