హత్నూర పొలాల్లో పిల్లలకోడి

పని మీద రాజమండ్రి నుంచి పటాన్‌చెరు వచ్చినప్పుడు కొత్త డిజిటల్ కెమెరా వెంట తెచ్చుకున్నాను. చుక్కల ఫొటో తీయాలని ఆశ. అక్కడేమో ఫ్యాక్టరీ దీపాల వెలుగుకి ఆకాశమే కనపడదు. అందుకే ఒక చలికాలం సాయంత్రం చీకటి పడగానే హత్నూర దాటి, పొలాల పక్కన స్టాండు నిలబెట్టాను.

టార్చిలైటు వేసుకుని ఒక పెద్దావిడ గబగబా వచ్చింది. "ఎవరు నువ్వు? కంపెనీకి భూమి ఇచ్చేది లేదని చెప్పినం గదా, మల్ల సర్వే ఏంది?"

"సర్వే కాదమ్మా, చుక్కల ఫొటో తీస్తున్నా" అని తెర చూపించాను.

ఆమె వంగి చూసి నవ్వింది. "గివి చుక్కలా బిడ్డా? అటుకుల లెక్కున్నయి."

నిజమే. చీకట్లో కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోలేకపోతోంది. లెన్సు రింగు చివరిదాకా తిప్పినా మసకే. ఒక చుక్కని తెర మీద పెద్దది చేసి, రింగుని కొంచెం కొంచెంగా తిప్పాను. ఆమె పక్కనే నిలబడి చెబుతోంది: "చిన్నగైతుంది... ఇంకా చిన్నగైంది... అయ్యో, మల్ల ఉబ్బింది! జెర ఎనకకు తిప్పు." చుక్క సూదిమొనంత కాగానే ఇద్దరం ఒకేసారి "ఆఁ" అన్నాం.

"ఇగ పిల్లలకోడిని తియ్యి" అంటూ నడినెత్తి మీద చుక్కల గుంపు చూపించింది. కృత్తికల్ని అలా పిలవడం నేను వినడం అదే మొదలు.

ఫొటో తీసి చూపిస్తే, ఆమె తెర మీద చుక్కల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "చిన్నప్పుడు గిట్లనే ఒక్కొక్కటి కనవడేటియి. ఇప్పుడు నా కండ్లకు అంతా ఒకటే మసక" అంది.

తర్వాత మోటారు దగ్గరున్న భర్తని కేకేసింది: "ఇనవడ్తుందా? జల్దీ రా! పిల్లలన్నీ ఉన్నయి!"