రెండు క్షణాల వెనుక నవ్వు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున బోధన్ నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ ఎంత లేపినా లేస్తలేడు" అన్నది. నేను నిజామాబాద్‌లో బస్సెక్కి చేరేసరికి ఆయనను వాకిట్లో పడుకోబెట్టారు. నిద్రలోనే పోయాడు.

బావ చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచే మనిషి. రసం చిక్కబడి గింజ కట్టే వేళను పట్టుకోవడం ఆయన పని. గాజు పలక మీద ఒక చుక్క వేసి వెలుతురుకు ఎత్తి చూసేవాడు. "తొందరపడ్తె గింజ సన్నగైతది బామ్మర్దీ" అని నాకూ ఒకసారి చూపించాడు.

సినిమాలంటే ఆయనకు ప్రాణం. అయినా ఒక్కటీ చివరిదాకా చూసి ఎరగడు. అక్కను పొద్దుటి ఆటకు తీసుకుపోయేవాడు. రెండు గంటలకు షిఫ్టు కాబట్టి ఇంటర్వెల్‌లోనే లేచేవాడు. వెంట అక్కా లేచేది.

"నువ్వన్న కూసొని సూడరాదు?"

"సూస్తె ఇద్దరం సూద్దాం. నేనొక్కదాన్ని సూసి ఏం జెయ్య?"

చెరకు సీజన్ లేని నెలల్లో కమ్మర్‌పల్లిలో పసుపు చేను పని ఉండేది, సినిమాకే వీలయ్యేది కాదు. వాళ్లు సగంలో వదిలిన సినిమా నేను చూసి ఉంటే మిగతా కథ నన్ను అడిగేవారు. నేను మాటకారిని కాను. "ఆఖర్కి కలుస్తరు" అని ఊరుకునేవాణ్ణి. "గింతేనా!" అని బావ నెత్తి కొట్టుకునేవాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉగాండాలో ఒక చక్కెర మిల్లులో పని దొరికింది. అక్కడ దిగి ఫోన్ చేశాడు. "ఇమానంల సీటుకొక టీవీ ఉన్నది బామ్మర్దీ. షిఫ్టు లేదు, సైరన్ లేదు. అయినా సగంల బంద్ జేసిన. మీ అక్క లేకుంట సూడబుద్ధి గాలే."

అక్కడి పనిలో చివరి ఏడాది అక్కనూ తీసుకుపోయాడు. ముంబై నుంచి ఆరు గంటల ప్రయాణం. సగం దారి కునికి, లేచాక రెండు తెరల మీదా ఒకే హిందీ హాస్య సినిమా పెట్టాడు. "ఒకటి, రెండు, మూడు" అని ఇద్దరూ కలిసి నొక్కినా అక్కది ముందు నడిచింది. మళ్లీ మొదటికి తెచ్చాడు. మళ్లీ అంతే.

"గా పేర్లే ఎన్నిమాట్ల సూడాలె? సినిమా అయ్యేలోపల ఊరొస్తది" అని అక్క కసిరింది.

ఇక అట్లాగే వదిలేశారు. ముందు అక్క నవ్వేది. "ఆగరాదే, నాకింక రాలే!" అనేవాడు బావ. రెండు క్షణాలకు ఆయన నవ్వు వచ్చేది. భోజనం వచ్చి, తినకుండానే చల్లారింది. విమానం కిందికి దిగుతున్నా సినిమా ఇంకా పావుగంట మిగిలే ఉంది. తెరలు ఎక్కడ ఆపేస్తారోనని బావ, ఎన్నడూ మొక్కనివాడు, చేతులు జోడించాడట. అక్క తెర మీద కథ ముగిసింది. ఆమె ఆయన తెర వైపు తిరిగి, ఆ చివరి క్షణాలు ఆయనతో కలిసి మళ్లీ చూసింది. అప్పుడు చక్రాలు నేలను తాకాయి.

ఈ సంగతి ఆయనతో ఎన్నోసార్లు చెప్పించుకున్నాను. అడగడానికి మొహమాటపడని సంగతి నాకు అదొక్కటే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా, మొదటిసారి చెప్తున్నట్టే చెప్పాడు.

తిరిగొచ్చాక ఇంట్లో ఒకే టీవీ ముందు కూర్చున్నా బావ కొంచెం ఆగే నవ్వేవాడు. "నాది ఎనుక నడుస్తది" అనేవాడు. అక్క ఆయన భుజం మీద ఒక్కటి వేసేది.

నిన్న సాయంత్రం అక్క దగ్గర కూర్చున్నాను. టీవీలో ఏదో సినిమా వస్తోంది. ఒకచోట అక్కకు నవ్వు ఆగలేదు. నవ్వి, ఠక్కున ఊరుకుంది. బావ కుర్చీ వైపు కొంచెం ఒరిగి, చెవి రిక్కించింది.