ఇరవై ఏడు నెంబరు బండి

బండి నెంబరుకు కూడా ధర ఉంటుందని నాకు నలభై రెండేళ్ల వయసులో ఒక వెదురు కాంట్రాక్టరు చెప్పాడు. అంతవరకు అది పోలీసులకు తప్ప ఎవరికీ పనికిరాదనే అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను.

మా ఆయన వకీలు. పోలీసు చర్య తర్వాత కరీంనగర్ విడిచి పోతున్న ఒక అధికారి దగ్గర పాత కారు కొన్నారు. పలక మీద హైదరాబాద్ స్టేటు అక్షరాలు, వాటి పక్కన రెండే అంకెలు, ఇరవై ఏడు. ఆ అంకెలకని మేం పైసా ఎక్కువ ఇవ్వలేదు. వెనక సీటు చిరిగింది, ధర తగ్గించమని మాత్రం నేనే పోట్లాడాను.

స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కొన్నేళ్లకు ఆయనా పోయారు. మాకు పిల్లలు లేరు. నేను ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. అక్కడ వాదించడానికి ఎవరున్నారు? ఏం చెప్పినా తలవంచుకుని రాసుకునే పిల్లలు. ఇంట్లో మాత్రం పద్దెనిమిదేళ్లు, ముల్కీ ఉద్యోగాల నుంచి పప్పులో పులుపు దాకా, మేమిద్దరం తగువాడుకోని భోజనం లేదు. కోర్టులో గెలిచి వచ్చిన రోజు కూడా నా దగ్గర ఓడేవారు. ఆయన పోయిన మూడేళ్లలో ఆ ఇంట్లో గొంతు పెంచింది పనిమనిషిని గిన్నెల గురించి అడిగినప్పుడే. ఆమె కూడా ఎదురు చెప్పేది కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆ కాంట్రాక్టరు వచ్చాడు. నా వయసువాడే. ఆదిలాబాద్ అడవుల్లో వెదురు కొట్టించి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాడని బట్టలే చెబుతున్నాయి.

"అమ్మా, షెడ్డుల ఉన్న బండి అమ్ముతరా?"

"అది నడవది. చక్రాలు మట్టిల దిగబడ్డయ్. ఏం జేస్తవ్ దాన్ని?"

"బండితోని పని లేదమ్మా. నాకు నెంబరు కావాలె."

"గంతేనా? సుత్తె తెచ్చుకో. పలక ఊడగొట్టుకొని పో."

నవ్వాడు. నెంబరు బండిని విడిచి రాదట. ఇంకో బండికి రాయించుకుంటే కేసవుతుందట. కావాలంటే బండే కొని, బాగు చేయించి, కాగితాలు తన పేరు మీదికి మార్పించుకోవాలట. పదిహేను వందలిస్తానన్నాడు. ఆ ఇనుముకు అయిదు వందలే ఎక్కువ.

"ఏమున్నది గా నెంబరుల?"

"రెండంకెలు చూస్తే పాత పెద్దింటోళ్ల బండి అనుకుంటరమ్మా. ఉట్నూర్ డాక్ బంగ్లా చౌకీదారు ముందుగాల నెంబరు చూస్తడు, అటెన్క గేటు తీస్తడు. నా జీపుకు నాలుగంకెలు. నేనే దిగి తీసుకోవాలె. మల్ల రెండు, ఏడు కలిపితే తొమ్మిది. మస్తు మంచిది."

"ఒక చౌకీదారు గేటు తీసేతందుకు పదిహేను వందలా? ఆయనకే ఇరవై రూపాయలియ్యి, గేటు పీకి నీ ఇంటికే పంపిస్తడు."

"పైసలిచ్చి తీయిస్తే ఇజ్జత్ ఏడుంటదమ్మా?"

"మరి గిది పైసలియ్యకుంట కొంటున్నవా?"

అతను లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఆలోచించి చెబుతానన్నాడు. నాకు ఆ రోజంతా ఒంట్లో ఏదో తేలికైంది.

పై ఆదివారం జవాబు తయారు చేసుకొని మరీ వచ్చాడు. నేనూ చేసుకునే ఉన్నాను. రెండు వేలన్నాడు. మా ఆయన చేత్తో తుడిచిన బండి అన్నాను. రెండున్నర అన్నాడు. పాత స్టేటు పలకలు ఇక పుట్టవన్నాను. జైనూర్ సీతాఫలాలు తెచ్చాడు, గింజలెక్కువ అన్నాను, అడవి పండు అట్లనే ఉంటుందని గంటసేపు వాదించాడు. బేరం వెనక్కి పోయి వెదురు, సర్కారు, ఆడపిల్లల చదువు ముందుకొచ్చేవి. మంచి చాయ్‌పత్తా కొనడం మొదలుపెట్టాను. శనివారం పిల్లల కాపీలు దిద్దుతూ మధ్యలో మర్నాటి మాటలు పేర్చుకునేదాన్ని. బండి అమ్మే ఉద్దేశం నాకు లేదు. అమ్మితే ఆదివారాలు ఆగిపోతాయి. అవి ఆగకూడదనే ధర పెంచుకుంటూ పోయాను.

వర్షాకాలం వెళ్లాక, ఇక కుదరదులే అనుకొని నాలుగు వేలన్నాను.

"సరే అమ్మా. ఖాయం."

చెంచా కింద పడేశాను. "మా మరిదిని ఒక మాట అడగాలె," అన్నాను. మా మరిది వరంగల్‌లో ఉంటాడు. ఏ విషయంలోనూ అతన్ని నేను అడిగిన పాపాన పోలేదు.

"అడిగి చెప్పుండ్రి. ఫికర్ లేదు," అని పోయాడు.

మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. నాలుగో ఆదివారం గేటు ముందు కారు ఆగింది. పాత కారే, రంగు కొత్తది. పలక మీద పద్దెనిమిది. ఆదిలాబాద్ వైపు ఒక దేశ్‌ముఖ్ ఇంటి బండట, రెండు వేలకే ఇచ్చారట. చేతిలో పేడాల డబ్బా. ముఖం వెలిగిపోతోంది.

"మీకు ముందుగాల చూపియ్యాలని తెచ్చినమ్మా."

"ఎనిమిది వంకర రాసిండు నీ పెయింటరు."

వంగి చూశాడు. ఇంకేం, మొదలైంది అనుకున్నాను.

"అవునమ్మా, మల్ల రాయిస్త," అన్నాడు. అంత తొందరగా అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

చాయ్ వద్దన్నాడు. శ్రీరాంపూర్‌లో మనుషులు ఎదురుచూస్తున్నారట. కారు తలుపు మీద చెయ్యి వేశాడు.

"వెయ్యికిస్త," అన్నాను.

"ఏందమ్మా?"

"నా బండి. వెయ్యికి తీస్కపో."

"రెండు నెంబర్లు నేనేం జేసుకుంటనమ్మా?"

"అయిదు వందలియ్యి."

అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు, సున్నం రాలిన గోడలు చూశాడు. గొంతు తగ్గించాడు.

"పైసలకు తక్లీఫ్ ఉన్నదా అమ్మా?"

నా జీతం, ఆయన విడిచిపోయిన ఇల్లు, బ్యాంకు పుస్తకం అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కాదంటే, మరేమిటని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నేను జవాబు పేర్చుకోలేదు.

"ఉన్నది," అన్నాను.

"పరేషాన్ గాకుండ్రి. పాత ఇనుము కొనెటాయన ఉన్నడు. పంపిస్త."

మంగళవారం బడి నుంచి వచ్చేసరికి ఇనుము వ్యాపారి షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. బండి చుట్టూ కూడా తిరగలేదు. ఎంత అని అడిగాడు. కావాలనే ఎనిమిది వందలన్నాను. జేబులోంచి తీసి ఇచ్చాడు.

"బేరమాడవా?"

"వద్దన్నరమ్మా వెదురు సేటు. ఆమె ఎంతంటె అంత ఇచ్చి, మారు మాట్లాడకుండ రమ్మన్నరు."