పన్నెండో గుడ్డ

1943లో, యుద్ధం నడుస్తుండగా, నన్ను సిద్దిపేటలోని ఒక చిన్న జనానా దవాఖానకు స్టాఫ్ నర్సుగా వేశారు. జనానా అంటే ఆడవాళ్ళకు మాత్రమే. మగవాళ్ళు గేటు దగ్గరి చౌకీదారు గది దాటి లోపలికి రాకూడదు. ఆ దవాఖాన ఇప్పుడు లేదు, ఆ జాగలో దుకాణాలు లేచాయి. స్టాఫ్ నర్సు పైన సిస్టర్, ఆ పైన మేట్రన్ ఉండాలి. మా దగ్గర ఆ పోస్టులు రెండూ ఖాళీ. అందుకని జీతం స్టాఫ్ నర్సుదే అయినా ఆపరేషన్ గది తాళాలు నా నడుముకే వేలాడేవి.

మా డాక్టరమ్మ పేరు రత్నాబాయి. నలభై దాటిన మనిషి. నవ్వితే వార్డులో చివరి మంచం దాకా వినబడేది, కోప్పడితే గేటు దాకా. ఆవిడకు సొంత కారు ఉండేది. గుడ్డ టాపు, నాలుగు సిలిండర్ల పాత ఇంగ్లీషు బండి. అది కాక ఊళ్ళో ఉన్న కారు తహశీల్దారు గారిది ఒక్కటే. కొండపాక వైపు నుంచో రాయపోల్ వైపు నుంచో కష్టమైన కాన్పుకు కబురు వస్తే డాక్టరమ్మే నడుపుకుంటూ వెళ్ళేవారు. పక్కన నేను, వెనక సీట్లో కాన్పు పెట్టె. ఎడ్లబండి పూటంతా పోయే దూరాన్ని ఆ ముసలి కారు గంటలోపు దాటించేది. దాని మీద ఎందరు తల్లుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయో మాకు తెలుసు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక కారుకు ఆయాసం మొదలైంది. చిన్న ఎత్తు ఎక్కాలన్నా దగ్గేది, ఆగేది. డాక్టరమ్మ కారుతో వచ్చిన పుస్తకం తిరగేసి, వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదని తేల్చారు. వాల్వు అంటే సిలిండరులోకి గాలీ పెట్రోలూ పోయే దారికీ, పొగ వెళ్ళే దారికీ ఉండే మూత. అది తన గూటిలో గట్టిగా కూర్చోకపోతే బలం అంతా సందుల్లోంచి పోతుంది. మందు ఖరీదైనదేమీ కాదు. వాల్వును దాని గూటిలోనే పెట్టి రాపిడి ముద్దతో నూరితే చాలు.

సికింద్రాబాదులో కారు అమ్మిన కంపెనీ వర్క్‌షాపుకు రాస్తే జవాబు వచ్చింది. సామాను ఖర్చు ఏమంత లేదు, మజూరీ మాత్రం డాక్టరమ్మ జీతాన్ని మించి ఉంది. పైగా మిలిటరీ బండ్లు వరుసలో ఉన్నాయి కనుక ఎప్పటికి అవుతుందో చెప్పలేమన్నారు. డాక్టరమ్మ ఆ కాగితం నా ముందే మడిచి పడేశారు.

"చారాణా కోడికి బారాణా మసాలా అంటే గిదే. చేతులు నాకు లేవా? మనమే ఇప్పుదాం మార్తా," అన్నారు.

ఆ 'మనమే' అన్న మాట నాకు అప్పుడు అంతగా నచ్చలేదు. అప్పటికి నేను ముట్టిన యంత్రమల్లా గడియారం, దానికి కీ ఇవ్వడం కూడా వారానికోసారే.

మధ్యాహ్నం ఓపీ అయిపోయాక, దవాఖాన గోడ బయటున్న కారు షెడ్డులో పని మొదలయ్యేది. పనికిరాని దుప్పటి ఒకటి ఉతికించి నేల మీద పరిచాను. ఏ భాగం ఏ వరుసలో బయటికి వస్తే ఆ వరుసలోనే ఎనామిల్ పళ్ళేల్లో పెట్టేదాన్ని. ఒక వాల్వు ఇంకొక వాల్వు గూటిలోకి పోకూడదు, ఎందుకంటే ఏ గూటికి ఆ వాల్వే అరిగి ఉంటుంది. డాక్టరమ్మ ఇంజను తల విప్పి, లోపల పేరుకున్న మసిని మొద్దు చెంచాతో గీకారు. రాపిడి ముద్ద రాసిన వాల్వును, చివర రబ్బరు కప్పు ఉన్న కర్రకు అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పారు. నాలుగు తిప్పులకోసారి ఎత్తి చూడడం, తుడవడం, మళ్ళీ తిప్పడం. అంచు చుట్టూ బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా వచ్చేదాకా వదిలిపెట్టలేదు. మంచి కుట్టు పడ్డప్పుడు ఆవిడ ముఖంలో కనబడే తృప్తే అక్కడా కనబడింది. పుస్తకం చూసి మొదటిసారి చేస్తున్న మనిషి అలా చేయడం నేను మరెక్కడా చూడలేదు.

ఆ రాపిడి ముద్ద ఇసుక లాంటిది, లోపలికి జారితే ఇంజనును తినేస్తుంది. అందుకని పని జరిగే చోట ఉన్న ప్రతి కంతలోనూ గుడ్డముక్క కుక్కాలి. పాత పక్కదుప్పటి చింపి ముక్కలు నేనే ఇచ్చాను. ఇచ్చినప్పుడల్లా షెడ్డు తలుపు మీద సుద్దతో ఒక గీత గీశాను. పన్నెండు గీతలయ్యాయి.

ఈ గీతల సంగతి చెప్పాలి. ఆపరేషన్‌లో నెత్తురు అద్దడానికి వాడే గుడ్డలు రోగి కడుపులో ఉండిపోతే ప్రాణానికే ముప్పు. కాబట్టి ఎన్ని లోపలికి పోయాయో అన్నీ బయటికి వచ్చాయని నర్సు లెక్కపెట్టి 'సరి' అనాలి. ఆ మాట వినబడే దాకా డాక్టరు కుట్లు వేసి మూయకూడదు. ఈ పద్ధతిని నాకు ఒంటబట్టించింది డాక్టరమ్మే. నేను మాత్రం ఎక్కడ గుడ్డ కనబడితే అక్కడ లెక్కపెట్టే స్థితికి వచ్చాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా తోటి నర్సు ఎగతాళి చేసేది.

తలుపు మీద గీతలు చూసి డాక్టరమ్మ కూడా పెద్దగా నవ్వారు. "ఇది పేషెంటు గాదు మార్తా, మోటరు. దీనికి జరం రాదు, చీము వట్టదు," అన్నారు. నేను గీతలు చెరపలేదు.

పని చివరికొచ్చిన రోజు మధ్యాహ్నం వాల్వులు కూర్చున్నాయి, తల బిగించడం అయిపోయింది. ఇంజను పక్కనున్న రేకు మూత ఒక్కటి వేయాలి. దాని వెనక కంతల్లో ఉన్న గుడ్డలను డాక్టరమ్మ తీస్తుండగా చౌకీదారు పరుగెత్తుకొచ్చాడు, వెనకే ఒక మనిషి. కొండపాక దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఎల్లయ్య, వ్యవసాయ కూలీ. పట్వారి సైకిలు అడిగి తెచ్చుకుని తొక్కుకుంటూ వచ్చాడు. అంగీ చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మా, నా పెండ్లానికి రాత్రి సంది నొప్పులు. బిడ్డ అడ్డం పడ్డదట. మంత్రసాని తనతోని గాదన్నది. జల్ది రాండ్రమ్మా," అన్నాడు.

అడ్డంగా ఉన్న బిడ్డ తనంతట తాను పుట్టదు. చేయి పెట్టి తిప్పి తీయాలి, ఆలస్యమైతే గర్భసంచి చిట్లి తల్లి పోతుంది. తహశీల్దారు గారి కారు మెదక్ వెళ్ళింది. బొగ్గు గ్యాసుతో నడిచే సర్వీసు బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. మిగిలింది మా కారే. డాక్టరమ్మ మూత చేతిలోకి తీసుకున్నారు. నేను పళ్ళెంలోని గుడ్డలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"ఒకటి తక్కువున్నదమ్మా. పదకొండే వచ్చినయి."

"యాడనో కింద పడ్డదే. వచ్చినంక ఎతుకుదాం."

దుప్పటి దులిపాను, కారు కింద చూశాను, నా కొంగూ ఆవిడ కొంగూ దులిపాను. లేదు.

"గాడ మనిషి పానం పోతుంటె గుడ్డముక్క పంచాయితి వెడ్తవా?" డాక్టరమ్మ గొంతు గేటు దాకా వినిపించి ఉంటుంది. ఎల్లయ్య నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. నేనే అతని భార్యను చంపుతున్నట్టు చూశాడు. ఆవిడ మాటకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి.

"లెక్క సరి అని నేను చెప్పేదాక మూసుడు లేదని మీరే నేర్పిన్రమ్మా. సరి అని నేను చెప్పలేను," అన్నాను.

డాక్టరమ్మ మూత పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత దాన్ని పళ్ళెంలో పెట్టేశారు. అంత కోపంలో ఉన్న మనిషి, అంత తొందరలో ఉన్న మనిషి, తన కింద పనిచేసే నర్సు మాటకు అలా ఆగడం చూశాక ఆవిడ మీద నా గౌరవం రెట్టింపైంది. ఎల్లయ్య వైపు తిరిగి, వెంటనే వెనక్కి పొమ్మన్నారు. భార్యను మెత్తగా గడ్డి పరిచిన బండిలో పడుకోబెట్టి, మంత్రసానిని తోడు తీసుకుని, ఇదే రోడ్డున ఎదురు రమ్మన్నారు. "నువ్వు ఇటు రా, మేం అటు వస్తం. తొవ్వ సగమైతది," అన్నారు. ఆ కంగారులో నాకు తట్టని ఉపాయం అది. ఎల్లయ్య సైకిలెక్కాడు.

ఇక గుడ్డ ఎక్కడుందో ఆలోచించాం. ఆ రేకు మూత వెనక, నూనె కిందికి కారడానికి వేలు లావు కంతలు ఉన్నాయి. తొందరలో బయటికి లాగబోయి లోపలికి నెట్టి ఉంటే గుడ్డ ఇంజను అడుగునున్న నూనె తొట్టిలో పడుతుంది. ఆ తొట్టి విప్పాలంటే నూనె అంతా దించాలి. యుద్ధకాలంలో ఇంజను నూనె దొరకదు, ఒక్క చుక్క పోకూడదు. శుభ్రమైన బేసిను పెట్టి నూనె పట్టాను. డాక్టరమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కారు కిందికి వెల్లకిలా దూరారు. మరలు ఒక్కొక్కటే నా చేతికి వచ్చాయి, నేను గీతలు గీశాను. తొట్టి దిగింది.

గుడ్డ ఉంది. నూనెను పైకి పీల్చే గొట్టం మూతికి ఒక జల్లెడ ఉంటుంది. సరిగ్గా దానికి అతుక్కుని, నల్లగా నానిపోయి ఉంది. ఆ దారి మూసుకుపోతే నూనె అందక ఇంజను బిగుసుకుపోతుంది. కారు కింద నుంచి నూనె కారుతున్న చేయి ఒకటి బయటికి వచ్చింది.

"ఇగో, నీ పన్నెండోది."

తొట్టికీ ఇంజనుకూ మధ్య ఉండే బెండు పట్టీ విప్పేటప్పుడు చిరిగింది. కొత్తది ఎక్కడా దొరకదు. మందుల అట్టపెట్టె కత్తిరించి, కాలిన పుండ్లకు వేసే పట్టీల కోసం మా దగ్గరున్న అవిసె నూనెలో ముంచి, దాన్నే పెట్టి బిగించాం. దించిన నూనెను నాలుగు మడతల గాజుగుడ్డలో వడగట్టి మళ్ళీ పోశాం. లెక్క చూసి నేను 'సరి' అన్నాక డాక్టరమ్మ పక్క మూత వేశారు. హ్యాండిల్ తిప్పితే కారు దగ్గకుండా అందుకుంది. ఇన్నాళ్ళూ నిలదొక్కుకోలేని ఎత్తులను ఆ రోజు ఆగకుండా ఎక్కింది. అంత భయంలోనూ నాకు గర్వంగా అనిపించింది.

దారిలో, ఒకప్పుడు బాటసారులు దిగిన పాడుబడ్డ ముసాఫిర్‌ఖానా దగ్గర బండి ఎదురైంది. లచ్చవ్వ, అంటే ఎల్లయ్య భార్య, స్పృహలోనే ఉంది. ఆమెను లోపల అరుగు మీదికి చేర్చాం. క్లోరోఫారం చుక్కలు వేయడానికి నేను ముసుగు సర్దుతుంటే గుమ్మం బయట నుంచి ఎల్లయ్య అడిగాడు.

"గింత సేపు ఏం జేసిన్రమ్మా?"

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటున్నారు. కారు మొరాయించిందని చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

"మోటర్ల ఒక గుడ్డ మర్చిపోయిన ఎల్లయ్యా. నా చేతితోనే లోపల పడ్డది. తీసి వచ్చేసరికి ఇంత సేపైంది."

అతను చేతులు జోడించాడు.

"మోటర్ల మరిస్తే మరిస్తివి గని, నా పెండ్లాం కడుపుల మర్వకు తల్లీ."

అందులో వెటకారం లేదు. నిజంగానే బతిమాలుకున్నాడు. మంత్రసాని అతన్ని కసురుకుంది. డాక్టరమ్మ మాత్రం, "మంచి మాటన్నవు," అని నా వైపు తిరిగి, "మార్తా, ఇయ్యాల లెక్క గట్టిగ చెప్పాలె. ఆయనకు ఇనవడాలె," అన్నారు.

బిడ్డను కాళ్ళ వైపు నుంచి తిప్పి తీశారు. ఆడపిల్ల. కాసేపు ఏడవలేదు, తర్వాత ముసాఫిర్‌ఖానా మారుమోగేలా ఏడ్చింది. తల్లికి నెత్తురు ఎక్కువ పోతుంటే నేను లెక్క పైకి చెబుతుండగా గుడ్డలు లోపల అదిమి ఆపాం. తీసేటప్పుడు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ మళ్ళీ పైకి లెక్కపెట్టాను. గుమ్మం బయట ఎల్లయ్య నాతో పాటు లెక్కపెడుతున్నాడు. చివరి అంకె అతనే నాకన్నా ముందు అన్నాడు. నేను 'సరి' అన్నాక డాక్టరమ్మ చిరిగిన చోట కుట్టు వేశారు. తల్లీబిడ్డలిద్దరూ బతికారు.

ఆ తర్వాత కారు గుడ్డలకు కూడా, ఆపరేషన్ గుడ్డలకు ఉన్నట్టే, చివర పొడుగాటి నాడా కుట్టాను. నాడా బయట వేలాడుతుంటే లోపల ఎవరూ మరిచిపోరు. డాక్టరమ్మ నేనున్నన్నాళ్ళూ తన కారును తానే బాగుచేసుకున్నారు. కంపెనీ వాళ్ళకు మళ్ళీ రాయలేదు. తలుపు మీద సుద్దగీతలను చూసి మళ్ళీ నవ్వనూ లేదు.

గుడ్డ లోపలే ఉండి ఉంటే కారు లచ్చవ్వ దాకా వెళ్ళేదా, నడిదారిలో బిగుసుకుపోయేదా అని ఒకసారి అడిగాను. "పోతుండెనేమో. నాకు తెల్వదు. తెల్వదు గనుకనే ఆగిన," అన్నారు.

నేను మేట్రన్‌గా రిటైరయ్యాను. లెక్క తప్పిందని చెప్పగలిగిన నర్సులను చాలామందిని తయారుచేశాను. అది నేర్పితే వస్తుంది. ఆ మాట విని, చేతిలోది కింద పెట్టే డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడే ఆ లెక్క రోగికి పనికొస్తుంది. అటువంటి వాళ్ళు నా ఉద్యోగకాలంలో కొద్దిమందే తగిలారు, మొదటి ఆవిడ రత్నాబాయి గారు.